మీటరు మీద 120, ట్యాంకులో ఎంత?

ఈ రోజు పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో బైక్ తీసినప్పుడు, ఉన్న పెట్రోలుతో ఇంకా 120 కిలోమీటర్లు వెళ్తుందని మీటరు చూపించింది. మలక్‌పేట, చాదర్‌ఘాట్, లక్డీకాపూల్, మెహిదీపట్నం, టోలీచౌకి అన్నీ దాటుకుని గచ్చిబౌలి ఆఫీసులో పార్క్ చేసేసరికి అది 74కి దిగింది. నేను వచ్చింది 24 కిలోమీటర్లు. మీటరులో తగ్గింది 46.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కరీంనగర్ కుర్రాడిది కూడా ఇదే బండి. లిఫ్ట్ దగ్గర పట్టుకున్నాడు. "అన్నా, నా బండిల పెట్రోల్ ఎవరన్న తీస్తున్రా ఏంది? నిన్న వంద ఉండె, ఇయ్యాల అరవై సూపిస్తున్నది" అన్నాడు. పాపం, రెండు రోజులుగా వాచ్‌మన్ మీద అనుమానంతో ఉన్నాడట. రెండు లిఫ్టులు వదిలేసి అక్కడే నిలబడి లెక్క చెప్పాను.

ఆ అంకె ట్యాంకులో కొలిచింది కాదు. రెండు విషయాలు కలిపి వేసిన అంచనా. ఒకటి, ట్యాంకులో తేలే ఫ్లోట్ చెప్పే మట్టం. రెండోది, ఈ మధ్య బండి లీటరుకి ఎంత ఇచ్చిందన్నది. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో బండిలోని చిన్న కంప్యూటర్, ఈసీయూకి తెలుసు కాబట్టి ఎంత పెట్రోలు కాలిందో కూడా దానికి తెలుస్తుంది. నిన్న నేను యాదగిరిగుట్ట వెళ్లొచ్చాను. వరంగల్ హైవే మీద నిలకడగా అరవైలో వస్తే లీటరుకి 50 ఇచ్చింది. ట్యాంకులో 2.4 లీటర్లు ఉన్నాయనుకుంటే 120 అయింది. ఈ రోజు సిగ్నళ్లలో ఆగుతూ ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకుతూ వస్తే 40కి పడిపోయింది. 24 కిలోమీటర్లకి కాలింది 0.6 లీటరు. నిన్నటి హైవే లెక్క ఇంకా కాస్త కలుస్తుంది కాబట్టి, మిగిలిన 1.8 లీటర్లని మీటరు ఇప్పుడు 41తో గుణిస్తోంది. అంతే, 74. పెట్రోలు ఎవరూ తియ్యలేదు, గుణించే అంకె మారింది. కుర్రాడి మొహం తేటపడింది. వాచ్‌మన్ కూడా బతికిపోయాడు.

ఫ్లోట్‌ని కూడా అర్థం చేసుకోవాలి. బేస్‌మెంట్‌లో సైడ్ స్టాండ్ వేసి తాళం తిప్పితే ఒక లెక్క, బండిని నిటారుగా నిలబెడితే ఇంకో లెక్క. ట్యాంకు కింద ఫ్రేమ్ కోసం మధ్యలో సొరంగంలా వదిలేస్తారు కాబట్టి అడుగున పెట్రోలు రెండు పక్కలకీ చీలుతుంది. ఫ్లోట్ ఏ పక్కన ఉంటే ఆ పక్క మట్టమే దానికి తెలుస్తుంది. బండి కదులుతుంటే పెట్రోలు ఊగిసలాడుతుంది గనక, అంకె ఎగిరెగిరి పడకుండా మీటరు కావాలనే నెమ్మదిగా మారుతుంది. అందుకే నేను బండిని నిటారుగా పట్టుకుని తాళం తిప్పి, కాసేపు ఆగి చూస్తాను. మీటరులో పెట్రోలు మట్టం చూపే గడులన్నీ సమానం అనుకోవడం కూడా తప్పే. ట్యాంకు పైన వెడల్పు, కింద ఇరుకు. పై గడి ఎంతకీ దిగదు, కిందివి చూస్తుండగానే జారిపోతాయి.

నాన్నకి ఈ గొడవేమీ లేదు. ఆయనది హీరో హోండా సీడీ 100. ట్యాంకు కింద ఎడమ మోకాలి దగ్గర పెట్రోలుకి కుళాయిలాంటి చిన్న కాక్: ఆన్, రిజర్వ్, ఆఫ్. లోపల రెండు గొట్టాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పెట్రోలు పొడుగు గొట్టం మూతి కంటే దిగితే ఇంజిన్ దగ్గుతుంది. నాన్న రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే ఎడమ చెయ్యి కిందికి పోనిచ్చి, వేలితో తడిమి టక్కున తిప్పేవారు. బండి ఆగేది కాదు. అదీ అయిపోతే ఎడమ పక్కకి బాగా వంచి, సొరంగానికి అవతల మిగిలిన కాస్తా ఇవతలికి వచ్చేలా చేసి బంక్ దాకా లాక్కొచ్చేవారు. ఆ రిజర్వ్ నిజంగా ట్యాంకు అడుగున మిగిలి ఉన్న పెట్రోలు. అంచనా కాదు. నాకు ఇప్పటికీ ఆ కాక్ అంటే గౌరవం.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక చాలా కొత్త బళ్లలో గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, దాంతోపాటే ఆ కాక్ కూడా పోయింది. ఇప్పుడు 'రిజర్వ్‌లో పడింది' అంటే ఒక లైటు వెలిగిందని మాత్రమే. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు సన్నగా మోగేది ట్యాంకులో ఉండే పంపు. దాని చుట్టూ ఉండే పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. మాటిమాటికీ అడుగుదాకా నడిపితే పంపు వేడెక్కి దెబ్బతింటుంది. కార్బ్యురేటర్ రోజుల అలవాటుతో ఆఖరి చుక్కదాకా లాగేవాళ్లకి నేను గట్టిగానే చెబుతాను, ఆ మొండితనం ఈ బళ్లకి పనికిరాదని.

నా నమ్మకమంతా ట్రిప్ మీటరు మీద. సున్నా చేసినప్పటి నుంచి ఎన్ని కిలోమీటర్లు తిరిగామో అది చెబుతుంది. నింపిన ప్రతిసారీ సున్నా చేస్తాను. ట్యాంకు 14 లీటర్లు, రెండు లీటర్లు ముట్టుకోను, మిగతా 12ని 45తో గుణిస్తే 540. ట్రిప్ 540 చూపించిందంటే ఆ రోజు ఇంటికి చేరేలోపు నింపాల్సిందే. 2024 జనవరి 2న ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె అనగానే ఊరంతా బంకుల మీద పడింది. క్యూలు రోడ్డెక్కాయి. చంచల్‌గూడలో ఫుడ్ డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి వెళ్లిన వీడియో అందరూ చూశారు. ఆ రోజు నా ట్రిప్ మీటరు 200 కూడా దాటలేదు. టెన్షన్ లేకుండా ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

సాయంత్రం మలక్‌పేటలో ఎప్పుడూ ఆగే బంక్‌లోనే ఆగాను. పక్క పాయింట్ ఖాళీగా ఉన్నా అటు వెళ్లలేదు. అదే పాయింట్, అదే సెంటర్ స్టాండ్, నాజిల్ తనంతట తానే ఆగి ఆటో కట్ అయ్యేదాకా, ఇలాగైతేనే లెక్క లెక్కలా ఉంటుంది. "జీరో చూడండి సార్" అన్నాడు కుర్రాడు. చూశాను. ఆటో కట్ అయ్యాక రౌండ్ ఫిగర్ చేస్తానని మళ్లీ నాజిల్ నొక్కబోతే వద్దన్నాను. మెడదాకా పోస్తే ఎండకి వ్యాకోచించడానికి చోటుండదు, పైగా ఆవిరిని పట్టే క్యానిస్టర్‌లోకి పెట్రోలే పోతుంది.

ట్రిప్ 560. పట్టింది 12.4 లీటర్లు. అంటే లీటరుకి 45 పైచిలుకు. నింపేముందు మీటరు 50 కిలోమీటర్లే అంది. ఆటో కట్ అంచుకి కొంచెం కింద ఆగుతుంది కాబట్టి ట్యాంకులో ఒకటిన్నర లీటరు మిగిలిందనుకున్నా, ఊళ్లో వచ్చే 40 లెక్కన 60 వెళ్లేది. కంపెనీవాళ్లు కాస్త తగ్గించి చూపించడం నాకు నచ్చుతుంది. నడిరోడ్డు మీద మనిషిని నిలబెట్టడం కంటే అదే నయం.

ఇంటికి రాగానే "రిజర్వ్‌లో పడిందా?" అని నాన్న అడిగారు. లేదని అంకెలు చెప్పాను. "ఇందులో గుట్ట ట్రిప్ ఉంది కదరా, ఊళ్లో అంత రాదు" అన్నారు. నిజమే. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత టూవీలర్లకి మైలేజ్ మూడు నాలుగు శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఈ నెల ఇక హైవే ప్రయాణాలేమీ లేవు. అందుకని 45 కొట్టేసి 43 రాసుకున్నాను. పన్నెండు నలభైమూళ్లు 516. రేపటి నుంచి 510 రాగానే బంక్‌కి వెళ్లాలి.