ఖీర్‌గంగ వేడినీళ్ళలో వదినా, నేనూ

మా ప్లాన్ మణికర్ణ్ వరకే. ఇంకా పైన కొండ మీద వేడినీళ్ళ గుండం ఉన్న ఖీర్‌గంగ పేరు బస్సులో పక్కన కూర్చున్నావిడ చెబితే విన్నాం. వదిన మోకాళ్ళ సంగతి తెలిసి కూడా ఎలా ఒప్పుకున్నానో నాకే అర్థం కాదు.

హిమాచల్‌లో భుంతర్ నుంచి పార్వతి నది వెంబడి వెళ్తే మణికర్ణ్ వస్తుంది. ఇక్కడ పార్వతీదేవి చెవి కమ్మలోని మణి నీళ్ళలో పడి పాతాళానికి పోయిందట. శివుడికి కోపం వచ్చేసరికి శేషుడు బుస కొట్టాడు, ఆ బుసకి సలసల కాగే నీళ్ళతో పాటు మణి పైకి వచ్చింది. నీళ్ళు నిజంగానే సలసల కాగుతున్నాయి. బియ్యం చిన్న గుడ్డలో మూట కట్టి, తాడుతో గుండంలోకి దించి కూర్చుంటే అన్నం ఉడికిపోయింది. పక్కనే గురుద్వారాలో లంగరు, అంటే అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, వంట కూడా ఈ నీళ్ళ వేడితోనే. ఇంత వేడి నీళ్ళకి నాలుగడుగుల దూరంలో నది మాత్రం ఐసు ముక్క!

చుట్టుపక్కల అగ్నిపర్వతాలేమీ లేవు. కొండల మీద కురిసిన వాన, కరిగిన మంచు రాళ్ళ పగుళ్ళలోంచి చాలా లోతుకి దిగి, భూమి లోపలి వేడికి కాగి, ఇంకో పగులు దొరికిన చోట పైకి ఉబికి వస్తాయి. ఇదంతా వదినకి చెబితే, "శేషుడి బుస అన్నా అదేగా, నువ్వు కాస్త పొడుగ్గా చెప్పావు" అంది.

మర్నాడు పొద్దున్నే బర్షేణి చేరాం. బస్సు అక్కడి వరకే. అక్కడి నుంచి ఖీర్‌గంగకి నక్తాన్ ఊరి మీదుగా సుమారు 12 కిలోమీటర్లు నడక. నక్తాన్ దాటి రుద్రనాగ్ జలపాతం దాకా పెద్ద కష్టం లేదు. పాము మెలికలు తిరిగినట్టు జారే ఆ నీటికి అక్కడివాళ్ళు దణ్ణం పెట్టి మరీ కదులుతారు. వంతెన దాటాక అసలు అడవి మొదలైంది. దేవదారు చెట్లు మెడ వెనక్కి వంచితే గానీ కొసలు కనపడనంత ఎత్తు. కింద ఎక్కడో నది హోరు. దారంతా వేళ్ళు, బురద, రాళ్ళు, నిట్టనిలువు ఎక్కుడు. యాత్ర కోసమని కొన్న నా కొత్త బూట్లు మడమ దగ్గర బొబ్బ లేపాయి. దయచేసి ఎవరూ కొత్త బూట్లతో కొండ ఎక్కకండి. ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ ఇంకెంత దూరమని అడిగాం. అందరిదీ ఒకటే మాట: "బస్, ఆధా ఘంటా." ఆ అరగంట మాకు మూడు గంటలు పట్టింది.

"ఈసారి ఎవరైనా అరగంట అంటే వాళ్ళని ఇక్కడే కూర్చోబెట్టి గడియారం చూపిస్తాను" అని వదిన చెట్టు మొదట్లో కూలబడింది. "లేవండి వదినా, పైన వేడినీళ్ళు మీ మోకాళ్ళ కోసమే కాచి ఉంచారు" అన్నాను. తిట్టుకుంటూ లేచింది.

చెట్లు అయిపోయి పచ్చిక బయలు కనపడగానే చలిగాలి మొహానికి కొట్టింది. దాదాపు 3,000 మీటర్ల ఎత్తు కదా. కుమారస్వామి తపస్సు చేసిన చోటని అక్కడ నమ్మకం, పక్కనే శివాలయం. ఆడవాళ్ళకి వేరే గుండం, చుట్టూ గోడ. అక్కడ ఒంటి మీద శాలువా తియ్యడానికే భయం వేసింది. వదిన అయితే కాళ్ళు మాత్రమే కడుక్కుంటానని మొండికేసింది.

కాలు పెట్టగానే బొబ్బ భగ్గున మండి కెవ్వుమన్నాను. తర్వాత మెల్లగా మెడ దాకా దిగాను. ఇది మణికర్ణ్‌లా ఉడికించే వేడి కాదు, తలంటు పోసుకునే నీళ్ళంత. నీళ్ళలో తెల్లటి నలకలు తేలుతున్నాయి, అందుకే ఖీర్‌గంగ, అంటే పాల గంగ, అన్నారేమో. మొహం మీద చలి, మెడ కింద వెచ్చదనం, ఎదురుగా మంచు కొండ. చుట్టూ ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు. పావుగంట క్రితం అందరం ఒగరుస్తూ ఎక్కినవాళ్ళమే, ఇప్పుడు ఎవరికీ మాట్లాడాలని లేదు. నేను దేవుణ్ణి ఏమీ కోరుకోలేదు, అసలు గుర్తే రాలేదు.

తిరిగి చూస్తే వదిన కూడా చీరతో సహా గుండంలో ఉంది, కళ్ళు మూసుకుని.

ఎంతసేపు ఉన్నామో తెలీదు. లేచి నిలబడేసరికి నాకు కళ్ళు తిరిగాయి. పక్కనున్న కొండప్రాంతపు పెద్దావిడ చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మందలించింది. ఆ ఎత్తులో వేడినీళ్ళలో పది పదిహేను నిమిషాలు చాలట, అది కూడా మధ్యలో బయటికి వచ్చి కూర్చుంటూ. బీపీ మందులు వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

చీకటి పడుతుందని రాత్రికి పైనే టెంట్‌లో పడుకున్నాం. మణికర్ణ్‌లో ఉడికిన అన్నం మూట అప్పటిదాకా వదిన సంచిలోనే ఉంది. గట్టిపడి రాయిలా అయిపోయింది. ప్రసాదం కదా అని తలో ముద్దా తిన్నాం.

పొద్దున్న దిగుతూ రుద్రనాగ్ దగ్గరికి వచ్చేసరికి, అప్పుడే ఎక్కుడు మొదలుపెట్టిన ఓ కుటుంబం ఎదురైంది. అప్పటికే చెమటలు కక్కుతున్నారు. ఇంకెంత దూరమని వదినని అడిగారు. వదిన నా వైపు చూడకుండా, "బస్, ఆధా ఘంటా" అంది.