ఓకే ఎక్కడ పుట్టిందమ్మా?

అమెరికాలో మా ఫ్రిస్కో వైపు తెలుగు ఇంట్లో నాలుగో తరగతి పిల్లలుంటే స్పెల్లింగ్ బీ, అంటే ఇంగ్లిషు మాటల స్పెల్లింగ్ చెప్పే పోటీ, టెన్షన్ ఉన్నట్టే. 1985లో భారత సంతతి కుర్రాడు బాలు నటరాజన్ గెలిచాక ఆ పోటీ మెల్లగా మనవాళ్ల పండగలా తయారైంది. పోటీలో ఒక పదం చెప్పగానే పిల్లలు అడగదగ్గ ప్రశ్నల్లో ఒకటి, ‘ఇది ఏ భాషది?’ గ్రీకు అంటే ‘ఫ’ శబ్దానికి పీ, హెచ్ రాసుకోవచ్చు. ఫ్రెంచి అంటే చివర పలకని అక్షరం ఉందేమో చూసుకోవాలి. పొడుగాటి మాటలకు ఇలా ఏదో ఒక ఆధారం దొరుకుతుంది.

ఊరూ పేరూ చెప్పనివన్నీ చిన్న మాటలే. డాగ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో పండితులు ఈరోజుకీ తేల్చలేదు. పాత ఇంగ్లిషులో కుక్కంటే హుండ్, ఇప్పటి హౌండ్ అదే. ఎక్కడో అరుదుగా కనిపించే డాగ్, హౌండ్‌ని వేటకుక్కల్లోకి నెట్టేసి ఇంటి కుక్క స్థానంలో తాను కూర్చుంది. బాయ్, బ్యాడ్ పుట్టుకలూ అనుమానమే. గర్ల్ ఇంకా విచిత్రం. 1300 ప్రాంతాల్లో మగపిల్లాడినైనా గర్ల్ అనే అనేవారట. తమ్ముణ్ణి ఏడిపించడానికి మా అమ్మాయికి అంతకన్నా ఏం కావాలి!

బాండికూట్ దగ్గర మాత్రం నిఘంటువు శుభ్రంగా ‘తెలుగు’ అని రాసింది. మన పందికొక్కే. తెలుగు గొప్పతనం గురించి నేను చెప్పినవేవీ పిల్లల తలకెక్కలేదు గానీ, పందికొక్కు ఎక్కింది.

నాకు బాగా నచ్చింది ఓకే కథ. అమెరికా ఆదివాసుల్లో చోక్టా తెగ భాషదని ఒకరు, గ్రీకుదని ఇంకొకరు చాలాకాలం వాదించుకున్నారు. చివరికి 1960లలో ఆలెన్ వాకర్ రీడ్ అనే ఆచార్యుడు పాత పత్రికలన్నీ తిరగేసి గుట్టు విప్పాడు. అప్పట్లో బోస్టన్‌లో మాటల్ని కావాలనే తప్పుగా రాసి, వాటి మొదటి అక్షరాలు వాడటం ఒక సరదా. ‘ఆల్ కరెక్ట్’ని ‘ఓల్ కొరెక్ట్’ చేసి, ఓ.కే. అని 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అచ్చేశారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ మనుషులు, ఆయన ఊరి పేరు మీద వచ్చిన ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనే ముద్దుపేరుకి దాన్ని తగిలించి ఊరూరా మోగించారు. అంటే ప్రపంచమంతా వాడే మాట స్పెల్లింగ్ తప్పులోంచి పుట్టింది! మా ఇంట్లో ఇప్పుడు మార్కులు తగ్గినప్పుడల్లా ఈ కథే వినిపిస్తోంది.

అర్థాల సంగతికొస్తే, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు రన్ అనే క్రియకు 645 అర్థాలు లెక్కపెట్టారు. ముక్కు కారినా, పాలు నిండుకున్నా, ఎన్నికల్లో నిలబడినా రన్నే. అది మా అమ్మాయికి వింతే కాదు. దానికి చిక్కంతా మన ‘కొట్టు’తో. తెనాలి నుంచి మా నాన్నగారు ఫోన్‌లో “ఈత కొట్టావా తల్లీ?” అంటే, “నేనెవర్నీ కొట్టలేదు తాతయ్యా” అంది ఖంగారుగా. బడిలో చెయ్యి చేసుకుంటే ఎంత గొడవో దానికి తెలుసు మరి! అప్పటినుంచి ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఒకటి అందిస్తున్నారు: చప్పట్లు, కొబ్బరికాయ, సైకిల్‌కి గాలి, బోరు. మొన్న “కిరాణా కొట్టుకెళ్లొచ్చా” అనగానే పట్టుకుంది, ఆ కొట్టూ ఈ కొట్టూ చుట్టాలా అని. సూర్యరాయాంధ్ర నిఘంటువు అటక మీదుంది, దింపి చూసి చెప్తానన్నారాయన.