సోషల్ పీరియడ్లో భాగహారం ఎందుకు సార్?

పదో తరగతి సోషల్ పేపర్లో ఒక పట్టిక ఇచ్చి "విశ్లేషించండి" అంటే మన పిల్లలు ఏం రాస్తారో సోషల్ టీచర్లందరికీ కంఠతా వచ్చేసుంటుంది. "పై పట్టిక జనసాంద్రత గురించి తెలియజేస్తుంది. హైదరాబాద్‌లో జనసాంద్రత ఎక్కువగా ఉంది. ఆదిలాబాద్‌లో తక్కువగా ఉంది." అయిపాయె. పట్టికలో ఉన్నదాన్నే వాక్యాలు చేసి రాస్తే అది విశ్లేషణ అనుకుంటారు, గైడులో కూడా అట్లనే ఉంటుంది కాబట్టి పిల్లల్ని అనడానికి లేదు. కానీ నాకు ఆశ్చర్యం ఎక్కడంటే, ముందు పీరియడ్లో మ్యాథ్స్ మేడం దగ్గర వర్గ సమీకరణాలు టకటకా చేసిన పిల్లలే బెల్లు కొట్టి నేను లోపలికి వచ్చేసరికి కూడికలు, తీసివేతలు కూడా మర్చిపోయినట్టు కూర్చుంటారు. బోర్డు మీద నేను భాగహారం మొదలుపెడితే వెనక బెంచీ నుంచి "సార్ ఇది సోషల్ కదా" అని ఒక గొంతు తప్పకుండా వస్తుంది.

సరే, ఆ జనసాంద్రత సంగతే చూద్దాం. 2011 జనాభా లెక్కలు (2021లో జరగాల్సినవి జరగలేదు కాబట్టి బడిలో ఇంకా ఇవే దిక్కు). అప్పటికి తెలంగాణలో పది జిల్లాలే. హైదరాబాద్ జిల్లా జనాభా 39.43 లక్షలు, విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు, సాంద్రత, అంటే చదరపు కిలోమీటరుకి ఉండే జనం, 18,172. పాత ఆదిలాబాద్ జిల్లా జనాభా 27.41 లక్షలు, విస్తీర్ణం 16,105 చదరపు కిలోమీటర్లు, సాంద్రత 170. ఇప్పుడు నేను అడిగేది ఏంటంటే, ఈ రెండు జిల్లాలూ కలిపేస్తే సాంద్రత ఎంత వస్తుంది?

క్లాసులో సగం మంది, అదీ బాగా చదివే సగం, 18,172కి 170 కలిపి రెండుతో భాగించి 9,171 అని చెయ్యెత్తుతారు. లెక్క తప్పు లేదు, కూడిక కరెక్టు, భాగహారం కరెక్టు, జవాబు మాత్రం పూర్తిగా తప్పు. ఎందుకంటే సాంద్రత అనేది జనాన్ని నేలతో భాగిస్తే వచ్చింది, దాన్ని మళ్లీ సగటు చెయ్యాలంటే ముందు విడదీసి జనాన్ని జనంతో, నేలని నేలతో కలపాలి. 39.43 కి 27.41 కలిపితే 66.84 లక్షల మంది. 217 కి 16,105 కలిపితే 16,322. భాగించి చూస్తే సుమారు 410. తొమ్మిది వేలు ఎక్కడ, నాలుగొందలు ఎక్కడ! ఈ తేడా బోర్డు మీద కనపడినప్పుడు క్లాసు ఒక్కసారి కదులుతుంది చూడండి, అప్పుడు నేనింక ఏమీ చెప్పక్కర్లేదు, "సార్ హైదరాబాద్ అసలు ఎంత చిన్నది సార్" అని వాళ్లే మొదలుపెడతారు. భూగోళం అక్కడ మొదలవుతుంది.

ఇక్కడ ఒక తెలివైన పిల్ల అడ్డం తిరగొచ్చు. అక్షరాస్యత పట్టికలో తెలంగాణ మగవాళ్లది 75.04 శాతం, ఆడవాళ్లది 57.99, మొత్తం 66.54 అని ఉంది కదా, ఆ రెండూ కలిపి సగం చేస్తే 66.5 వస్తోంది, మరి ఇక్కడ సగటు ఎట్లా పని చేసింది సార్ అని. మంచి ప్రశ్న. రాష్ట్రంలో ప్రతి వెయ్యిమంది మగవాళ్లకి 988 మంది ఆడవాళ్లు, అంటే రెండు గుంపులూ దాదాపు సమానం కాబట్టి పని చేసింది, హైదరాబాద్, ఆదిలాబాద్‌లకి నేల అట్లా సమానంగా లేదు. గుంపు సైజుని కూడా లెక్కలోకి తీసుకుని చేసే సగటుని మ్యాథ్స్ వాళ్లు భారిత సగటు అంటారు, నేను ఆ మాట ఎత్తను, ఎత్తితే ముఖాలు మాడిపోతాయి.

అదే ఊపులో ఇంకో లెక్క. తెలంగాణ మొత్తం సాంద్రత 312 అని బిట్ పేపర్లో ఉంటుంది, అందరికీ వచ్చు. హైదరాబాద్ జిల్లాని తీసేస్తే ఎంత? 350 లక్షల్లోంచి 39 లక్షలు పోతే 311 లక్షలు. నేల 1.12 లక్షల చదరపు కిలోమీటర్లు, అందులోంచి 217 పోతే ఎంత, పోకపోతే ఎంత, వదిలెయ్యి. లక్షకి లక్ష కొట్టేసి 311ని 1.12తో భాగిస్తే 278 దగ్గర ఆగుతుంది. రాష్ట్రం నేలలో అర శాతం కూడా లేని ముక్కని పక్కన పెడితే సాంద్రత 34 పడిపోయింది. మా బడి చుట్టూ ఉన్న ఊళ్లు చూసిన పిల్లలకి 312 అనే అంకె నమ్మబుద్ధి కాదు, ఆ 278 కూడా ఎక్కువే అనిపిస్తుంది, అడవి ఎక్కువున్న వైపు మాది. ఇంకే జిల్లా తీసేస్తే ఇంకా తగ్గుద్దో వాళ్లే వెతుక్కోనీ.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పై లెక్కలో నేను దశాంశాలన్నీ ఎగ్గొట్టాను, కావాలనే. భూగోళంలో కావాల్సిన లెక్క అదే అని నా గట్టి అభిప్రాయం. 3,50,03,674 ని 1,12,077తో భాగించమంటే పిల్లవాడికి భాగహారం మిగులుతుంది, తెలంగాణ మిగలదు. ఎన్ని సున్నాలు కొట్టేయొచ్చు, ఏ అంకె ఉంచాలి అనేది తెలిస్తే సగం పని అయినట్టే, క్యాలిక్యులేటర్ తర్వాత ఎప్పుడైనా వస్తుంది.

జనాభా పెరుగుదల పట్టిక ఇంకా తమాషా. దేశ జనాభా 1981లో 68.33 కోట్లు, 1991లో 84.64, 2001లో 102.87, 2011లో 121.09. పక్కనే పదేళ్ల వృద్ధి రేటు 23.9, 21.5, 17.7 శాతం. పిల్లలు శాతాలు చూసి "జనాభా తగ్గుతోంది" అని రాసేస్తారు, పెద్దవాళ్లు కూడా టీవీ డిబేట్లలో అట్లనే మాట్లాడతారు అనుకోండి. తీసివేత చెయ్యమంటాను. 1981 నుంచి 91కి కొత్తగా చేరింది 16.3 కోట్లు, తర్వాత పదేళ్లకి 18.2 కోట్లు, ఆ తర్వాత కూడా 18.2 కోట్లే. శాతం ఆరు పాయింట్లకి పైగా దిగింది, చేరే జనం మాత్రం దిగలేదు, ఎందుకంటే అసలు పెద్దదైపోయింది కదా, తక్కువ వడ్డీకైనా పెద్ద అసలు మీద వడ్డీ పెద్దగానే వస్తుంది. వడ్డీ సంగతి మా పిల్లలకి ఇంట్లోనే తెలుసు, దానికి పాఠం అక్కర్లేదు. నిజంగా జనాభా తగ్గిన దశాబ్దం ఒక్కటే, 1911 నుంచి 1921, అది కూడా 0.31 శాతం, 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన కాలం. పట్టికలో ఆ ఒక్క మైనస్ గుర్తు ఎందుకుందో అడిగిన పిల్లకి ఆ రోజు హోంవర్క్ మాఫీ.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వస్తున్నా, నీళ్లు. మాది గోదావరి వైపు మండలం. ఇక్కడ ఆరో తరగతి పిల్లాడికి కూడా భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని తెలుసు, ఎవరూ నేర్పలేదు, జూలై ఆగస్టుల్లో ఇళ్లల్లో అదే మాట. 1986లో 75.6 అడుగులు వచ్చిందని తాతలు చెప్తారు, 2022 జూలైలో 71.3 వచ్చింది వీళ్లే చూశారు. కానీ పేపర్లో "ఇన్‌ఫ్లో లక్ష క్యూసెక్కులు, నిల్వ ఇన్ని టీఎంసీలు" అని రాస్తే ఆ రెండింటికీ సంబంధం ఏంటో పిల్లలకి కాదు, అది చదివి వినిపించే వాళ్ల నాన్నలకి కూడా తెలీదు.

బోర్డు మీద చేస్తే రెండు లైన్లు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మొదటిది పారే వేగం, రెండోది నిల్వ, మధ్యలో కావాల్సింది టైము. రోజుకి 86,400 సెకన్లు, లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 864 కోట్ల ఘనపుటడుగులు, అంటే 8.64 టీఎంసీలు. ఈ ఒక్క 8.64 గుర్తుంటే చాలు, వానాకాలం పేపరు మొత్తం మీ చేతిలో ఉన్నట్టే. నాగార్జునసాగర్ పూర్తి నిల్వ 312 టీఎంసీలు, ఖాళీగా ఉన్న డ్యామ్‌కి రోజూ లక్ష క్యూసెక్కులు వచ్చి చుక్క కూడా కిందికి వదలకపోతే ఎన్నాళ్లకి నిండుతుంది? 312ని 8.64తో భాగిస్తే 36 రోజులు. నిజానికి డ్యామ్ ఎప్పుడూ అంత ఖాళీగా ఉండదు, కింద వదులుతూనే ఉంటారు, ఆవిరి అయ్యేది వేరే, ఇవన్నీ పిల్లలే ఒక్కొక్కటి అడ్డం చెప్తారు, చెప్పనివ్వాలి కూడా.

2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర ప్రవాహం దాదాపు 24 లక్షల క్యూసెక్కుల దాకా పోయింది. 24ని 8.64తో గుణించండి అన్నాను. 207. పక్కనే శ్రీశైలం పూర్తి నిల్వ రాశాను, 215 టీఎంసీల చిల్లర. క్లాసు అంతా ఒక్క నిమిషం చప్పుడు లేదు, తర్వాత ఒకడు "అంటే మన ఊరి ముందు నుంచి ఒక్కరోజులో శ్రీశైలం డ్యామ్ మొత్తం పోయినట్టా సార్" అన్నాడు. ఆ వేగం రోజంతా ఉంటే అట్లానే రా అన్నాను, పీక్ రోజంతా ఉండదు కాబట్టి కొంచెం తగ్గించుకో. అయినా ఆ ప్రశ్న వాడికి ఏ పాఠ్యపుస్తకమూ వెయ్యలేదు, గుణకారం వేసింది.

అడుగుల్లో ఇంకో మెలిక ఉంది. 43 నుంచి 48కి ఐదు, 48 నుంచి 53కి ఐదు, కాబట్టి నీళ్లు కూడా అంతే పెరుగుతాయి అనుకుంటారు. నది పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది, పైన ఒక్కో అడుగు పెరగడానికి కావాల్సిన నీళ్లు ఇంకా ఎక్కువ. గ్రాఫ్ గీస్తే గీత తిన్నగా పోదు, వంగుతుంది. ఇది చెప్పడానికి చాక్‌పీస్ బొమ్మ చాలు.

గ్రాఫులంటే గుర్తొచ్చింది, శీతోష్ణస్థితి పాఠంలో క్లైమోగ్రాఫ్ ఉంటుంది కదా, వానకి కడ్డీలు, ఉష్ణోగ్రతకి గీత, ఎడమవైపు ఒక కొలత, కుడివైపు ఇంకో కొలత. గీతని తప్పు వైపు కొలతతో చదివి చెన్నైలో ఉష్ణోగ్రత 300 డిగ్రీలు అని రాసిన పేపర్లు ఏటా దిద్దుతూనే ఉంటాను. 300 డిగ్రీలకి నీళ్లే ఉండవు కదరా అని అనుమానం రావాలి, ఆ అనుమానం రావడమే నేను నేర్పాలనుకునేది. చెన్నైకి పొడుగు కడ్డీలు అక్టోబర్, నవంబర్, డిసెంబర్లలో ఎందుకున్నాయి, మనకి జూలైలో ఎందుకున్నాయి అనేది ఆ తర్వాతి మాట, ఈశాన్య రుతుపవనాల పాఠం అక్కణ్ణుంచి దానంతటదే వచ్చేస్తుంది.

మ్యాపు స్కేలు దగ్గర మాత్రం అందరూ బోల్తా పడతారు. 1:50,000 టోపోషీట్ (కొండలు, చెరువులు, దారులు వివరంగా చూపించే మ్యాపు) మీద రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. మరి ఒక చదరపు కిలోమీటరు చెరువు మ్యాపు మీద ఎన్ని చదరపు సెంటీమీటర్లు? రెండు అంటారు. నాలుగు. గళ్ల కాగితం మీద గీసి లెక్కపెట్టిస్తే తప్ప నమ్మరు.

తొమ్మిదో తరగతిలో ఒక పాత ప్రశ్న ఉంది, మన దేశం అక్షాంశాల్లోనూ రేఖాంశాల్లోనూ సుమారు 30 డిగ్రీలే (సరిగ్గా చూస్తే 29 చిల్లర), మరి ఉత్తర దక్షిణాలు 3,214 కిలోమీటర్లు, తూర్పు పడమరలు 2,933 మాత్రమే ఎందుకు అని. జవాబు బట్టీ పట్టించే బదులు రెండింటినీ 29తో భాగించమనండి. ఒకటి డిగ్రీకి 111 దగ్గర, ఇంకోటి 101 దగ్గర వస్తుంది. ధ్రువాల వైపు రేఖాంశాలు దగ్గరవుతాయి అనే వాక్యానికి అప్పుడు ఒక సైజు వస్తుంది.

ఇదంతా బాగుంది సార్, మార్కులు పడతాయా అని తోటి టీచర్లు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. స్పాట్ వాల్యుయేషన్‌లో పబ్లిక్ పేపర్లు దిద్దేవాళ్ల చేతిలో కీ ఉంటుంది, కీలో ఉన్న పాయింట్లకే మార్కులు. అందుకే మా పిల్లలకి నేను చెప్పేది, మొదటి రెండు వాక్యాలు కీలో ఉన్నట్టే రాయండి, ఎక్కడ ఎక్కువ ఎక్కడ తక్కువ అని, మూడో వాక్యంలో మీరు చేసిన ఒక్క లెక్క పెట్టండి, నాలుగో వాక్యంలో అది ఎందుకట్లా వచ్చిందో మీకు తోచింది రాయండి. మార్జిన్‌లో రఫ్ వర్క్ కొట్టేయకండి, ఉండనివ్వండి. వచ్చే వారం వర్షపాతం పట్టికలు మొదలుపెడుతున్నా, చిరపుంజికి ఏడాదికి సగటున 11,777 మిల్లీమీటర్లు, అనంతపురానికి 552. ఎన్ని రెట్లో ముందు నోటితో చెప్పాలి, తర్వాతే పెన్ను ముట్టాలి అని షరతు.