ఖాళీ గుమ్మం

ఇక్కడ ఇజ్రాయెల్‌లో నేను చూసుకునే పెద్దావిడ సఫ్తా (హీబ్రూలో నానమ్మ అని) పడుకుని గంట దాటింది, నాకే నిద్ర రావట్లేదు. పొద్దున పై అంతస్తు ఆవిడ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

యూదుల ఎలూల్ నెల కదా, వాళ్ళ కొత్త సంవత్సరానికి ముందు మెజూజాలు, అంటే గుమ్మాలకి బిగించే దేవుడి మాటల చుట్టలు, తీసి వాటిని రాసే సోఫేర్‌కి చూపించుకుంటారు. ఏడేళ్ళలో రెండుసార్లు చూపించాలని నియమం. నాలుగు గుమ్మాలవీ నేనే స్క్రూలు విప్పి తీసిచ్చాను. మూడు బాగున్నాయట. వీధి తలుపుది మాత్రం పసూల్, పనికిరాదన్నాడు. ఆ చిన్న తోలు చుట్టలో 713 అక్షరాలుంటాయి, ఒక్క అక్షరం చెడినా లెక్కలోకి రాదు. కొత్తది రేపు తెస్తానన్నాడు.

ఆవిడకి ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ వెంటనే దిగొచ్చింది. "చూశావా, అందుకే జూన్‌లో నువ్వు మెట్ల దగ్గర పడ్డావు" అంది సఫ్తాతో. అంతటితో ఊరుకోలేదు. ఇరాన్ క్షిపణి పడిన ఇళ్ళ మెజూజాలు ఎలా ఉన్నాయో ఎవరైనా చూశారా అని కూడా అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. 2025 జూన్ 15న బాత్ యామ్ ఊళ్ళో ఆ క్షిపణికి కూలిన భవనంలో చిన్నపిల్ల చనిపోయింది. కేన్సర్ వైద్యం కోసం ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్ల, ఇంటివాళ్ళతో సహా పోయింది. ఆ పసిదాని చావుకి గుమ్మం మీద అక్షరం కారణమా? హీబ్రూలో అంత మాట గబుక్కున రాదు నాకు, గిన్నెలు గట్టిగా పెట్టాను.

సఫ్తా మాత్రం నెమ్మదిగా జవాబిచ్చింది. మెజూజాని తాయెత్తు చేసుకునేవాళ్ళని రంబామ్ అనే యూదు పండితుడు ఎనిమిది వందల ఏళ్ళ కిందటే తిట్టాడంది. దేవుడు ఒక్కడే, ఆయన్ని ప్రేమించు అని చెప్పడానికి రాసినదాన్ని సొంత లాభానికి వాడుకునే మూఢులన్నాడట. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

కానీ సఫ్తా ఆ పడిపోవడం గురించి ఒక్క మాట అనలేదు. అదే నన్ను తినేస్తోంది.

మా బిల్డింగు పాతది, మమాద్ లేదు. గల్ఫ్ యుద్ధం తర్వాత కట్టినవాటికే ఆ కాంక్రీటు గది ఉంటుంది. మాకు మెట్లగదే దిక్కు. ఫోన్‌లో ముందు హెచ్చరిక వస్తుంది, తర్వాత సైరన్. మా రమత్ గన్‌లో సైరన్ మోగాక ఉండేది ఒకటిన్నర నిమిషం. ఆ రాత్రి హెచ్చరికకి నేను లేవలేదు, సైరన్‌కే లేచాను. వాకర్ పట్టించి తలుపు దాకా తెచ్చేసరికి సఫ్తా ఆగింది. మెజూజా మీద చెయ్యి వేసి, వేళ్ళు ముద్దు పెట్టుకుని, మళ్ళీ చెయ్యి వేసి ఏదో చదువుతోంది. పైన ధన్ ధన్ మని అడ్డుకునే క్షిపణులు పేలుతున్నాయి. "సఫ్తా, బోయి!" (రా!) అని అరిచి ఆ చెయ్యి పట్టి లాగాను. పడింది. రెండు వారాలు మోకాలు నల్లగా కమిలిపోయింది. వాళ్ళబ్బాయి అడిగితే "కాలు జారింది" అంది.

అక్షరం తప్పు కాదమ్మా, లాగింది నేను.

మర్నాడు ఓంకెలోస్ కథ చెప్పింది నాకు. యూదు మతంలో చేరినందుకు రోమా చక్రవర్తి అతన్ని పట్టుకురమ్మని సైనికుల్ని పంపాడట. అతను గుమ్మం దాటుతూ మెజూజా మీద చెయ్యి వేసి, ఇదేమిటో తెలుసా అని వాళ్ళని అడిగాడట. లోకంలో రాజు లోపల కూర్చుంటాడు, సేవకులు బయట కాపలా కాస్తారు. మా దేవుడి దగ్గర సేవకులు లోపల ఉంటారు, ఆయనే బయట నిలబడతాడు అన్నాడట. మరి ఇది తాయెత్తు కాకపోతే కాపలా ఏమిటని ఇవాళ అడగబోయి మానేశాను.

ఆవిడ మీద కోపంతోనే మొదలుపెట్టాను గానీ ఇక్కడికి వచ్చేసరికి అది నిలవట్లేదు. వాళ్ళ మనవడు సైన్యంలో రిజర్వు డ్యూటీలో ఉన్నాడు. ఈ ఏడాదిలోనే మూడుసార్లు ఇంట్లో మెజూజాలు చూపించుకుంది, భయంతోనే. నేనూ జూన్‌లో అమ్మకి ఫోన్ చేసి "91వ కీర్తన చదువుకున్నాను, అందుకే మాకేం కాలేదు" అన్నాను. "నీ ప్రక్కను వేయిమంది పడినను" అని అందులోనే ఉంది. ఆ వేయిమందిలో ఆ పిల్ల లేదా? అప్పుడు నాకు తట్టనే లేదు. ఆవిడ అన్న మాటకీ నా మాటకీ తేడా ఏముందో ఎంత వెతికినా దొరకట్లేదు.

ఆ మాట తప్పే. అయినా తప్పే.

  

సాయంత్రం చెత్త పడేసి వస్తూ గుమ్మం మీద చెయ్యి వేశాను. మూడేళ్ళుగా అలవాటైపోయింది, ఎప్పుడు అలవాటైందో తెలీదు. రెండు స్క్రూ కన్నాలు తగిలాయి వేళ్ళకి. సఫ్తా చూసింది. పడుకునే ముందు రోజూ చదివేదే ఇవాళ నాకు వినపడేలా చదివింది, కుడిపక్క మిఖాయేల్, ఎడమపక్క గబ్రియేల్, ముందు ఉరియేల్, వెనక రఫాయేల్ అని. చదివాక తలుపు గడియ వేశావా అని అడిగింది.

వేశాను. వాకర్‌నీ చెప్పుల్నీ తలుపు పక్కనే పెట్టాను. అమ్మ ఇందాక రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు.