తుపాకీ తవ్విన చెరువు

నిజాముద్దీన్ నుంచి మూడు గంటల్లో రావలసిన రైలు పొగమంచు పుణ్యమా అని ఏడు గంటలు తీసుకుంది. భరత్‌పూర్‌లో దిగేసరికి రాత్రయింది. "పిట్టల్ని చూడ్డానికి ఇంత దూరమా? మన పులికాట్ ఏం పాపం చేసిందిరా?" అని బావ దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. సణగడానికి ఆయనకి హక్కుంది. పులికాట్ ఒడ్డున పెరిగినవాడు. కుర్రతనంలో వాళ్ళ నాన్నగారి ఒంటిగొట్టం తుపాకీ భుజాన వేసుకుని బాతుల వేటకి పోయేవాడు. బ్యాంకు ఉద్యోగం వచ్చాక ఆ సరదా వదిలేశాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆ వేట సంగతి ఎత్తితే మాత్రం ఈనాటికీ ఎడమ కన్ను మూసి, గాల్లో ఎక్కడికో చూస్తూ చెబుతాడు.

పొద్దున ఆరున్నరకి కేవలాదేవ్ పార్కు గేటు దగ్గర ఉన్నాం. ఊరివాళ్ళెవరూ అంత పొడుగు పేరు పలకరు, 'ఘనా' అంటారు. దట్టమైన అడవి అని అర్థం, మన 'ఘనం'కి దగ్గర చుట్టం. లోపల తిరగడానికి మేం సైకిల్ రిక్షా ఎంచుకున్నాం. తొక్కేవాళ్ళలో సిక్కులు చాలామంది. మా వంతుకి వచ్చిన సర్దార్‌జీకి అరవై ఏళ్ళుంటాయి. హ్యాండిల్‌కి బైనాక్యులర్స్ వేలాడదీసుకున్నాడు. ఎక్కీ ఎక్కగానే "ముందు చెవులతో చూడండి, కళ్ళ పని పది గంటలకి" అన్నాడు.

నిజమే. ముందు తారు రోడ్డు, అటూ ఇటూ తుమ్మచెట్లు, ఆపైన అంతా తెల్లటి గోడ. ఆ గోడ వెనక నుంచి పెళ్ళిపందిట్లో బంతిభోజనాల వేళ వినిపించేలాంటి గోల. వేల గొంతులు కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా ఉంది. బావ మెల్లగా విడదీయడం మొదలుపెట్టాడు. "అదిగో ఆ ఈల వేసేది చిన్న బాతు. ఆ బొంగురుది బొల్లికోడి." సర్దార్‌జీ వెనక్కి తిరిగి ఆయన్ని ఒక్కసారి ఎగాదిగా చూశాడు. వేటగాడి చెవి అంటే ఏమిటో ఆయనకి తెలిసినట్టుంది.

మంచు విడిచేసరికి తొమ్మిదిన్నర. నీళ్ళలో మునిగిన తుమ్మచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగల పిల్లలు, ఎదిగినవే, ఇంకా గూళ్ళు వదలకుండా గునుస్తున్నాయి. ఒక చెట్టు కింద నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా ఉన్నాయి, అంతా రెట్ట. మా పులికాట్ దగ్గరి నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టే చెరువు నీళ్ళు పారితే పొలానికి ఎరువు అక్కర్లేదంటారు రైతులు. ఇక్కడ ఆ నీళ్ళకి పొలం లేదు. ఆ సంగతి మధ్యాహ్నం దాకా నా బుర్రకెక్కలేదు.

గేటు నుంచి తిన్నగా పోతే కేవలాదేవ్ శివాలయం వస్తుంది. పార్కుకి పేరిచ్చింది ఈ శివుడే. గుడి పక్కన రాతి పలకలు నిలబెట్టి ఉన్నాయి. దూరం నుంచి చూసి దాతల పేర్లేమో అనుకున్నాను. దగ్గరికెళితే లెక్కలు. తేదీ, వచ్చిన దొర ఎవరు, ఎన్ని తుపాకులు, ఎన్ని పిట్టలు రాలాయి. మొదటి వరస 1902, వైస్రాయ్ లార్డ్ కర్జన్: 17 తుపాకులు, 540 పిట్టలు. వరసలు దిగేకొద్దీ అంకెలు లావెక్కాయి. 1914లో నాలుగు వేలు దాటింది, 1916లో మళ్ళీ దాటింది. 1938 నవంబరు 12, వైస్రాయ్ లార్డ్ లిన్‌లిత్‌గో: 4,273.

బావ కళ్ళద్దాలు సర్దుకుని ఆ అంకె మీద చూపుడువేలు పెట్టాడు. చెక్కిన అక్షరాల గాడిలో నాచు పట్టి ఉంది, వేలికి పచ్చగా అంటింది. బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది? నోటితోనే లెక్క కట్టేశాడు. "ఆరు గంటలు ఆపకుండా కాల్చారనుకో. నిమిషానికి పన్నెండు. అయిదు సెకన్లకో పిట్ట." కాసేపాగి, "నా జన్మకి మూడొందలు కొట్టి ఉంటాను. అదే పెద్ద పాపమనుకున్నా" అన్నాడు. కొట్టినవాటిని ఇంట్లో కూర వండుకునేవాళ్ళమని కూడా చెప్పాడు. ఇక్కడ నాలుగువేల పిట్టలు ఎవరి విస్తట్లో పడ్డాయో రాయి మీద లేదు. కడుపుకోసం వేట వేరు, దర్జాకోసం వేట వేరు అని అందరూ అంటారు గానీ, బాతు వైపు నుంచి చూస్తే ఆ తేడా అంత స్పష్టంగా ఉంటుందా అని నాకు అనుమానం.

సర్దార్‌జీ రిక్షా సీటుమీద కాలుమీద కాలేసుకుని కూర్చుని, అసలు సంగతి అప్పుడు విప్పాడు. "ఈ చెరువు దేవుడు చేసింది కాదు సాబ్."

ఇది సహజంగానే పల్లపు నేల. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ రాజు సూరజ్‌మల్ గంభీర్, బాణగంగ నదుల దగ్గర అజాన్ కట్ట వేయించాక ఇక్కడ నీళ్ళు చేరడం ఎక్కువైంది. 19వ శతాబ్దం చివర్లో సంస్థానంవాళ్ళు దాన్ని బాతుల వేటకోసమే తీర్చిదిద్దారు. లోపల అడ్డకట్టలు, తూములు, కాలువలు. ఏ మడిలో ఎప్పుడు ఎంత నీరు ఉండాలో, బాతులు ఎక్కడ వాలాలో, దొరలు ఎక్కడ నిలబడాలో అంతా ఏర్పాటే. మేం రిక్షాలో వచ్చిన దారుల్లో కొన్ని ఆ కట్టల మీదివే. అంటే సైబీరియా నుంచి, టిబెట్ నుంచి వచ్చే పిట్టలకి ఇంత చక్కటి విడిది కట్టించింది వాటిని చంపాలనుకున్నవాళ్ళు. నీళ్ళు వదిలింది వాళ్ళే, పొలం దున్నకుండా ఆపిందీ వాళ్ళే. వేటగాడికి పిట్ట కావాలి, పిట్టకి నీళ్ళు కావాలి. అమెరికాలో ఇదే సంగతిని చట్టం చేసిపెట్టారు. 1934 నుంచి బాతుల వేటకి వెళ్ళేవాళ్ళు ప్రత్యేకమైన స్టాంపు కొనాలి, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొంటారు. ఇక్కడ స్టాంపూ లేదు, చట్టమూ లేదు, రాజుగారి సరదా ఒక్కటే.

"మరి సీసం?" అన్నాడు బావ ఉన్నట్టుండి. నాకు వెంటనే అర్థం కాలేదు. ఒక్కో తూటాలో వందకి పైగా సీసపు గుళ్ళుంటాయి, పిట్టకి తగిలేవి నాలుగో అయిదో, మిగతావన్నీ నీళ్ళడుగున బురదలోకి. బాతులకి పళ్ళు లేవు గదా, తిన్నది అరగడానికి ఇసుక పలుకులు మింగి కందనకాయలో దాచుకుంటాయి. ఇసుక పలుకనుకుని సీసపు గుండు మింగిన బాతు నెమ్మదిగా విషమెక్కి చస్తుంది. తుపాకీ ఇంటికెళ్ళిపోయాక కూడా వేట సాగుతూనే ఉంటుందన్నమాట. ఆ లెక్క ఏ పలక మీదా ఉండదు. పులికాట్‌లో తాను ఎన్ని గుళ్ళు వదిలాడో బావ ఇప్పుడు లెక్కపెట్టుకుంటున్నట్టు అనిపించింది, అడగలేదు.

పలకల మీద చివరి వరస 1964ది. స్వాతంత్ర్యం వచ్చాక చుట్టుపక్కల రైతులు ఈ చెరువు ఎండగట్టి భూములు పంచమన్నారు. అడ్డుపడిన వాళ్ళలో ముఖ్యుడు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. ఆయన పక్షుల జీవితం మొదలైంది కూడా చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుకతోనే. మెడ కింద పసుపు మచ్చ ఉన్న ఆ పిచ్చుక ఏ జాతిదో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కాడు, మళ్ళీ వెనక్కి చూడలేదు. ఈ ఘనాలో ఆయన వేలాది పిట్టల కాళ్ళకి ఉంగరాలు తొడిగించాడు. చంపే చేతులు కట్టిన చెరువుని, చంపి నేర్చుకున్న మనిషే కాపాడాడు. రాజుగారి వేట హక్కులు 1972 దాకా నిలిచాయి. 1981లో చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితా, 1982లో జాతీయ పార్కు, 1985లో ప్రపంచ వారసత్వ స్థలం.

1982 అనగానే సర్దార్‌జీ గొంతు తగ్గించాడు. "ఆ కథ నేను చెప్పకూడదు, గోడ అవతలవాళ్ళు చెప్పాలి."

పార్కు చుట్టూ రాతిగోడ ఉంది. మధ్యాహ్నం ఆ గోడ వెంబడి నడుస్తుంటే పక్క ఊరి పెద్దాయన ఒకాయన కనిపించాడు. చేతిలో గొడ్డలి, పక్కన సర్కారు తుమ్మ కట్టెల మోపు. ఆ తుమ్మ ఘనాని ముంచెత్తిన కలుపు. కొట్టి పట్టుకుపొమ్మని ఊళ్ళవాళ్ళకి అనుమతి ఇచ్చారట. మేం దక్షిణాదివాళ్ళమని తెలిసి మోపు మీదే కూర్చోబెట్టాడు. మా హిందీకీ ఆయన బ్రజ్ యాసకీ మధ్య సగం మాటలు జారిపోయాయి, మిగిలిన సగం చాలు.

వాళ్ళ తాతల కాలం నుంచీ గేదెలు ఘనాలోనే మేసేవి. పొద్దున తోలితే చాలు, నీళ్ళలో పడి గడ్డి మేసి, సాయంత్రం వాటంతటవే ఇల్లు చేరేవి. రాజులు వేటాడిన రోజుల్లోనూ మేసేవి. జాతీయ పార్కు అనగానే మేత బంద్. 1982లో ఊళ్ళవాళ్ళు తిరగబడ్డారు, పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు పోయారు. "పిట్టల్ని కాల్చడం మానేసి మమ్మల్ని కాల్చారు" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు, చాలాసార్లు చెప్పి అరిగిపోయిన మాట కాబోలు.

అక్కడితో అయిపోతే మామూలు కథే. గేదెలు పోయాక నీళ్ళలో గడ్డి విచ్చలవిడిగా అల్లుకుపోయింది. బాతులు ఈదడానికి, చేపలు తిరగడానికి చోటు తగ్గింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు అక్కడే ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, గేదెలు చెరువుకి చేటు చెయ్యలేదు, గడ్డిని అదుపులో పెట్టి మేలే చేశాయి. మేత ఆపాలన్నది మొదట పక్షి ప్రేమికులే. తప్పని ఒప్పుకున్నదీ వాళ్ళే, అది గొప్పే. కానీ ఆ ఒప్పుకోలు పెద్దాయన ఇంటికి ఏ ఉత్తరం రూపంలోనూ రాలేదు. "గడ్డి కోసుకుపోవచ్చన్నారు సాబ్. అంటే గేదె పని నన్ను చెయ్యమన్నారు."

నాకు ఇక్కడ ఒక మాట అనకుండా ఉండడం కష్టం. వేటని ఆపడం సులువు, కాల్చేవాడు ఒక్కడు, వాడికి తుపాకీ ఉంది, పేరు రాయి మీద ఉంది. వేట చుట్టూ అల్లుకున్న మిగతా బతుకుల్ని ఏం చెయ్యాలో ఎవరూ ముందుగా ఆలోచించరు. పొద్దున చూసిన ఆ తెల్లటి నీళ్ళు గుర్తొచ్చాయి. నేలపట్టులో రెట్ట పొలానికి వస్తుంది, అందుకే రైతు గూటిని కాపాడతాడు. ఇక్కడ మధ్యలో గోడ.

సాయంత్రం రిక్షా మళ్ళీ ఎక్కాం. సర్దార్‌జీ ఒక చోట ఆపి, పలచటి నీళ్ళలో ఉత్తగా నిలబడి ఉన్న గడ్డిదుబ్బుని చూపించాడు. "ఇక్కడ సైబీరియా కొంగలు దిగేవి." 1960ల్లో రెండొందల దాకా వచ్చేవి. ఏటేటా తగ్గుతూ, 2002 శీతాకాలం తర్వాత ఒక్కటీ రాలేదు. ఆ రాతి పలకలకీ వాటికీ సంబంధం లేదు. దారిలో పోయాయి. అఫ్ఘనిస్తాన్‌లో యుద్ధాలు, పాకిస్తాన్ వాయవ్య లోయల్లో కొంగల వేట. అక్కడ వేటగాళ్ళు పెంపుడు కొంగల్ని ఎరగా కట్టేస్తారు, వాటి పిలుపు విని రాత్రిపూట కిందికి దిగిన గుంపు మీదికి చివర సీసపు ముద్ద కట్టిన తాడు గిరగిరా తిప్పి విసురుతారు. తుపాకీ లేదు, చప్పుడు లేదు. ఘనాలో గోడ ఎంత ఎత్తు కట్టినా ఆ తాడుని ఆపలేదు.

నీళ్ళ గొడవ వేరే ఉంది. ఎగువన పాంచనా డ్యామ్ కట్టాక గంభీర్ నీళ్ళు అక్కడి రైతులకీ ఇక్కడి పిట్టలకీ మధ్య పంచాయితీ అయ్యాయి, ఇప్పుడు చంబల్ నుంచి గొట్టాల్లో తెస్తున్నారు. ఆ కథలోకి పోతే ఇంకో ప్రయాణం రాయాలి.

చీకటి పడుతుండగా మంచు మళ్ళీ దిగింది. బావకి చలి తట్టడం లేదు, మఫ్లర్ ముక్కు దాకా లాక్కున్నాడు. అప్పుడే తలల మీద నుంచి పట్టెతల బాతుల గుంపు, హిమాలయాలు దాటి వచ్చేవి, చాలా కిందుగా, రెక్కల గాలి వినపడేంత కిందుగా వెళ్ళింది. సర్దార్‌జీ రిక్షా ఆపాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర తప్పిపోయి పక్కకి చూశాను. బావ మెడ ఎత్తి, గుంపులో అన్నిటికంటే ముందున్న బాతుకి ఒక్క జానెడు ముందుకి చూస్తున్నాడు. ఎడమ కన్ను మూసి ఉంది.

"బావా, కన్ను!" అన్నాను.

"మంచు పడిందిలేరా" అని మఫ్లర్‌తో తుడుచుకున్నాడు.