అరకిలో గుండుతో పదిహేను రోజులు

మాది పాలకొల్లు. మూడు తరాలుగా బంగారం పని మీద బతుకుతున్న ఇల్లు. 2021లో మా ఆయన పోయిన తరువాత కొట్టుతో పాటు ఆయన చేసే ప్రయాణాలు కూడా నా మీద పడ్డాయి. నరసాపురం, భీమవరాల్లోని పనివాళ్లకు బంగారం ఇచ్చి రావాలి, తయారైన నగలు తెచ్చుకోవాలి, వారానికొకసారి చించినాడ వంతెన దాటి రాజోలు, అమలాపురం వైపు వెళ్లి రావాలి. 2022 వేసవిలో ఒక సాయంత్రం నరసాపురం నుంచి వస్తుండగా ఇద్దరు మోటారు సైకిలు మీద కాలవగట్టు పొడవునా మా కారును వెంబడించి, ఒక మలుపు దగ్గర అడ్డం తిరిగారు. డ్రైవరు బండి ఆపకుండా ఊళ్లోకి పోనిచ్చాడు కాబట్టి గండం గడిచింది. ఆ రాత్రే ఫిర్యాదు ఇచ్చాను. తరువాత నా ఆయుధ లైసెన్సు దరఖాస్తుకు ఆ నకలే ఆధారమైంది.

2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం, చేసే వ్యాపారం స్వభావం వల్ల ప్రాణానికో ఆస్తికో రక్షణ నిజంగా అవసరమని చూపగలిగిన వారి దరఖాస్తును అధికారులు పరిశీలిస్తారు. 2022 ఏప్రిల్‌లోనే కొత్త జిల్లాలు ఏర్పడి మా కలెక్టరేటు ఏలూరు నుంచి భీమవరానికి మారింది కనుక తిరుగుడు దూరం తగ్గింది. ఏ-1 ఫారం, ఆదాయపు పన్ను కాగితాలు, శారీరకంగానూ మానసికంగానూ ఆరోగ్యంగా ఉన్నానని వైద్యుడి ధ్రువపత్రం, ఇంట్లో ఆయుధాన్ని భద్రంగా దాచగలనన్న హామీపత్రం జతచేశాను. పోలీసు విచారణలో ఇరుగుపొరుగును అడిగారు, కొట్టులో ఇనప్పెట్టె ఎక్కడుందో చూశారు. మధ్యలో దస్త్రం ఒక కార్యాలయంలో నాలుగు నెలలు కదలకుండా ఉండిపోయింది. అది చెబితే మరో వ్యాసమవుతుంది. మొత్తం మీద దరఖాస్తు చేసిన పదకొండు నెలలకు, 2023 ఆగస్టులో లైసెన్సు చేతికి వచ్చింది. అందులో నేను మొదట వెతికింది చెల్లుబాటు ప్రాంతం. జిల్లా వరకే అని రాసి ఉంటే చించినాడ వంతెన మధ్యకు చేరేసరికే నేను చట్టాన్ని మీరినట్టు అయ్యేది, ఎందుకంటే వశిష్ఠ గోదావరి అవతలి ఒడ్డు కోనసీమ జిల్లా. రాష్ట్రమంతటికీ అని రాసి ఉండడం చూసి ఊపిరి పీల్చుకున్నాను.

ఏ తుపాకి కొనాలన్నది అసలు ప్రశ్న. మా మరిదికి ఆ విషయంలో గట్టి అభిప్రాయాలున్నాయి. "వదినా, కొంటే తొమ్మిది ఎం.ఎం. పిస్టలే కొనండి, చూస్తేనే ఎదుటివాడు పారిపోవాలి" అన్నాడు. ఆ తూటా కొలత మన దేశంలో సామాన్య పౌరులకు నిషిద్ధమని అతనికి తెలియదు. లైసెన్సు మీద మాబోటి వాళ్లకు దొరికే చేతి తుపాకులు ఎక్కువగా పాయింట్ 32 కొలతవి. పైగా చూపించి బెదిరించడం అన్న మాటే చట్టానికి విరుద్ధం. నిబంధనల్లో 32వది చదివినప్పుడు నాకు దారి కనిపించింది: బహిరంగ స్థలంలో తుపాకిని ఒరలో, పూర్తిగా కప్పి ఉంచి, అది తమ అదుపులో ఉండేలా తీసుకువెళ్లాలి. బయటికి కనిపించకుండా పెట్టుకోవడం నా ఇష్టం కాదు, నా బాధ్యత. కాబట్టి తుపాకి ఎంత గొప్పదన్నది కాదు, నా ఒంటి మీద ఎక్కడ, ఎన్ని గంటలు, ఎలా నిలుస్తుందన్నదే చూడవలసిన సంగతి అని నిశ్చయించుకున్నాను.

చేతిసంచిలో పెట్టుకోమని చాలామంది చెప్పారు. దొంగ ముందు లాగేది చేతిసంచినే, లాక్కుంటే తుపాకి కూడా వాడిదే అవుతుంది, అందుకని ఆ ఆలోచన మానుకున్నాను. చీర మీద నడుముకు కట్టుకుంటే పైకి కనిపిస్తుంది, కుచ్చిళ్ల కింద కట్టుకుంటే అవసరానికి చెయ్యి అందదు. రెండు రోజులు అద్దం ముందు ప్రయత్నించి, ప్రయాణం రోజుల్లో మోకాళ్ల కిందికి దిగే వదులు కుర్తా వేసుకోవాలని తేల్చుకున్నాను. యాభై రెండేళ్ల వయసులో చీర మాని అది వేసుకోవడానికి కాస్త జంకాను. మా అత్తయ్యగారు చూసి, "ప్రయాణానికి ఏది వీలైతే అది వేసుకో అమ్మాయ్, ఇంటికి క్షేమంగా రా" అన్నారు. మా దర్జీ చేత మంచాలకు అల్లే నవారుతో రెండు పొరల పట్టీ కుట్టించాను. ఆ పట్టీకి కుడివైపున ఒక గుడ్డ సంచి వేయించాను.

కొనకముందే బరువు తెలుసుకోవాలని, పక్కన కూరగాయల కొట్టు నుంచి అరకిలో తూకపు గుండు, రెండు వందల గ్రాముల గుండు అడిగి తెచ్చుకున్నాను. మొదటి వారం రెండూ కలిపి ఆ సంచిలో వేసుకుని రోజూ చేసే పనులే చేశాను. కారు ఎక్కాను, దిగాను, కొట్టులో పీట మీద కూర్చున్నాను. మూడో గంటకల్లా పట్టీ కుడివైపుకు జారేది, నా చెయ్యి తెలియకుండానే దాన్ని పైకి సర్దేది. ఆ సర్దడమే ప్రమాదం. చూసేవాడికి అక్కడేదో ఉందని చెప్పినట్టే. రెండో వారం అరకిలో గుండు ఒక్కటే ఉంచాను. నాలుగో రోజు సాయంత్రం అన్నం తింటున్నప్పుడు గాని అది నా నడుముకే ఉందని గుర్తు రాలేదు. బంగారం తూచే చేతులకు రెండు వందల గ్రాములంటే ఎంతో తెలుసు గాని, నడుముకు ఎంతో ఆ పదిహేను రోజుల్లోనే తెలిసింది.

విజయవాడలో లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో మూడింటిని, ఖాళీవని నా కళ్లెదుటే తెరిచి చూపించిన తరువాత, చేతిలోకి తీసుకున్నాను. ఇషాపూర్ కర్మాగారంలో తయారైన అశని పిస్టల్ పలకగా ఉండి నడుముకు చక్కగా అంటుకుంటుంది. కాని తూటాను లోపలికి ఎక్కించడానికి దాని స్లైడును, అంటే పైభాగాన్ని, వెనక్కి లాగడానికి నా వేళ్ల బలం చాలలేదు. మూడుసార్లు లాగితే ఒకసారి సగంలో ఆగిపోయింది. కాన్పూరులో చేసిన మామూలు రివాల్వరు పట్టు బాగుంది గాని ఏడు వందల గ్రాముల దాకా తూగింది. మూడోది, కాన్పూరు నుంచే 2014లో స్త్రీల కోసమని ప్రచారంతో వచ్చిన నిర్భీక్, సుమారు అరకిలో. ట్రిగ్గరు బరువుగానే ఉంది, కాని నా వేలు పూర్తిగా నొక్కగలిగింది. రివాల్వరులో తూటాలు తిరిగే సిలిండరులో ఉంటాయి కనుక ఒక తూటా పేలకపోతే మళ్లీ నొక్కితే చాలు, తరువాతిది ఎదురుకి వస్తుంది. పిస్టల్‌లో అయితే మళ్లీ స్లైడు లాగాలి, నాకు అదే చేతకానిది. స్త్రీల తుపాకి అన్న పేరు చూసి కాదు, బరువూ వేలూ చూసి నిర్భీక్ తీసుకున్నాను. వెల లక్ష దాటింది. దాని నంబరు లైసెన్సులో ఎక్కించుకుని గాని ఇంటికి రాలేదు.

శిక్షణలో ఒక విశ్రాంత పోలీసు అధికారి చెప్పిన మాటను మనసులో పెట్టుకున్నాను: "అమ్మా, బంగారం అడిగితే ఇచ్చేయండి. ప్రాణం అడిగితేనే ఇది." అందుకని నగలకు బీమా చేయించాను. గుడికి, పెళ్లికి వెళ్లినప్పుడు తుపాకి ఇనప్పెట్టెలోనే ఉంటుంది. మా మేనల్లుడి పెళ్లిలో ఎవరో సరదాగా ఒకసారి గాల్లోకి పేల్చమంటే, 2019 సవరణ తరువాత వేడుకకు పేల్చినా రెండేళ్ల వరకు జైలు పడవచ్చని కాస్త కటువుగానే చెప్పాను.

2024 మార్చిలో ఎన్నికల ప్రకటన రాగానే తుపాకి, తూటాలు పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకున్నాను. తుపాకిని అప్పటికి వాడుతున్న తోలు ఒరలో, తూటాలను తోలు పట్టీ గూళ్లలోనే ఉంచి ఇచ్చాను, అది నా తప్పు. జూన్‌లో తిరిగి తెచ్చుకుని గూట్లోంచి ఒక తూటాను పైకి తోసేసరికి ఇత్తడి మీద, సరిగ్గా తోలు తగిలిన మేరకు, ఆకుపచ్చని చిలుము ఉంగరంలా పట్టింది. గోటితో గీకితే పొడి రాలింది. మన ఉప్పు గాలికి, వేసవి చెమటకు తోలు తేమను పీల్చి వదలదు, పైగా తోలును పదును చేయడానికి వాడిన పదార్థాలు ఇత్తడిని తింటాయి. ఆ పన్నెండు తూటాలనూ వాడకుండా దుకాణంలో అప్పగించి, లైసెన్సులో రాసిన లెక్క మేరకు కొత్తవి తీసుకున్నాను. ఇప్పుడు తూటాలు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి, తుపాకి నవారు పట్టీకి కుట్టిన మందపాటి గుడ్డ ఒరలో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం కొట్టు తలుపు వేసుకుని సిలిండరు తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని రెండుసార్లు చూసి, నూనె గుడ్డతో తుడిచి, ఒరను గంటసేపు ఎండలో ఆరబెడతాను.