నెత్తళ్ళు ఆరేలోపే వాన

మధ్యాహ్నం కొత్తపట్నం తీరంలో ఉన్నట్టుండి జల్లు పడింది. ఇసుక మీద పరిచిన నెత్తళ్ళను ఎత్తడానికి అవ్వ పరుగు తీసింది. నేనూ పట్టా పట్టుకుని పరిగెత్తాను. అప్పటికే సగం తడిసిపోయాయి.

పక్కనే, ఎండ వేడితో చేపలు ఆరబెట్టే పెట్టె, నా సోలార్ డ్రైయర్‌లో పెట్టిన మూడు కిలోలు మాత్రం పొడిగా ఉన్నాయి. అవ్వ లోపలికి చెయ్యి పెట్టి ఒక చేపను తీసి విరిచింది. పుటుక్కుమంది. "ఇసకే లేదే!" అంది. తేమ 15 శాతం లోపుకు దిగితే బూజు పట్టదని చెప్పబోయాను. ఆ అంకె అవ్వకు అక్కర్లేదు, చప్పుడుతోనే తెలిసిపోయింది.

తర్వాత అడిగింది: "ఈ పెట్టె ఎంతవుద్ది అమ్మాయ్? నాకు రోజుకు రెండు గంపలు ఎండాల."

నా దగ్గర ఉష్ణోగ్రత, గాలి వేగం, ఎండే రేటు గ్రాఫులన్నీ ఉన్నాయి. మూడేళ్ళ పీహెచ్‌డీలో ఈ లెక్క మాత్రం వేయలేదు. చాలా బాధనిపించింది.

ఒంగోలు బస్సులో కూర్చుని రాస్తున్నా. వెదురు, పాలిథీన్ షీటు, నల్ల రంగు, వల. రేపు షాపుల్లో ధరలు అడగాలి. గంపకు ఎన్ని కిలోలు పడతాయో కూడా అడక్కుండా వచ్చేశాను. ఆదివారం మళ్ళీ వెళ్తా.